ఇంటర్వెల్ ఫైటు కోసం కొన్న గ్రాఫిక్స్ కార్డు

ఆ కంప్యూటర్ నాది. పెళ్లికి ముందు యూసఫ్‌గూడలో ఒక చిన్న యానిమేషన్ ఆఫీసులో పనిచేసేదాన్ని. ఆ జీతంలోంచి మిగిల్చి ఒక్కో భాగమే కొని, నా చేతులతో నేనే బిగించుకున్నాను. ఆటలు ఆడుకోవడానికే కొన్నాను, అందులో దాచేదేమీ లేదు. బోరబండలో మా ఇంటికి చుట్టాలొస్తే, ఆడపిల్ల తుపాకీ పట్టుకునే ఆటలు ఆడుతుందని వాళ్లకెక్కడ తెలుస్తుందోనని మా అమ్మ గది తలుపు దగ్గరగా వేసేది. తర్వాత ఆ ఆఫీసు మూతపడింది. నేను ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచరుగా చేరాను. పెళ్లయ్యాక కంప్యూటర్ కూడా నాతోపాటే రహమత్ నగర్‌లోని అద్దె ఇంటికి వచ్చింది.

మాది ఇష్టపడి చేసుకున్న పెళ్లి. మా ఆయనది కోస్తా. డైరెక్టర్ కావాలని హైదరాబాద్ వచ్చి, అసిస్టెంటుగా చేరి, కో-డైరెక్టర్ దాకా ఎదిగి అక్కడ ఆగిపోయారు. ఇంట్లో ఒకరినొకరం నువ్వనే పిలుచుకుంటాం. రాసేటప్పుడు మాత్రం ఆయన అనే వస్తోంది, ఎందుకో నాకే తెలియదు. ఆయన చేతిలో ఒక కథ ఉండేది. ఫిలింనగర్‌లో ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. కథ విన్నవాళ్లందరూ బాగుందన్నారు. బాగుందన్న తర్వాత ఫోన్ ఎత్తేవాళ్లు కాదు. ఆయన పక్కన అసిస్టెంట్లుగా చేసినవాళ్లు డైరెక్టర్లయ్యారు. వాళ్ల సినిమా ఫంక్షన్లకి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి, భోజనం చెయ్యకుండా తిరిగొచ్చేవారు. అలాంటి రాత్రుళ్లు నేను ఏమీ అడక్కుండా అన్నం వడ్డించేదాన్ని. జాలి అని దానికి పేరు పెట్టుకోలేదు గానీ, అదే.

చివరికి జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఆ కథ మీద మనసు పెట్టారు. పెద్దవయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడతారట. పిలిపించుకుని మళ్లీ మళ్లీ విన్నారు. అన్నీ బాగున్నాయి కానీ ఇంటర్వెల్ ముందు వచ్చే ఫైటు కళ్లకు కట్టడం లేదన్నారు. కొండమీద బస్తీలో, ఇరుకు మెట్ల మీద, పైనుంచి కిందికి సాగే ఫైటు అది. దాన్ని బొమ్మల్లో కదిలించి చూపిస్తే అప్పుడు నిర్ణయం చెబుతానన్నారు. షూటింగుకి ముందే సీనుని ఇలా కంప్యూటర్‌లో తీసి చూపించడం ఇప్పుడు అందరూ చేస్తున్నదే. ఆయన ఫిలింనగర్‌లో ఆ పని చేసే ఒక ఆఫీసుకెళ్లి అడిగారు. వాళ్లు చెప్పిన రేటు విని, మంచినీళ్లు తాగి వచ్చేశారు.

ఆ సాయంత్రం నేనే అన్నాను, "నేను చేస్త. ఆ పని నాకొచ్చు" అని.

నిజంగానే వచ్చు. ఆ ఆఫీసులో నేను చేసింది అదే. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లోనే ఈ సీన్లు కూడా చేస్తారు. అది ఉచితంగా దొరుకుతుంది. మెట్లు ఎలా ఉండాలో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. బోరబండలో అలాంటి మెట్లెక్కి దిగుతూ పెరిగినదాన్ని. ఆయన ముఖం వెలిగింది. వెంటనే సందేహంలో పడింది. సరే, ప్రయత్నించు అన్నారు.

రెండు సందులూ నాలుగు ఇళ్లూ కట్టేసరికి కంప్యూటర్ ఆయాసపడింది. మనుషుల్ని పెట్టగానే తెర నల్లబడి మొదటికొచ్చింది. లోపమెక్కడుందో నాకు తెలుసు. గ్రాఫిక్స్ కార్డు. తెరమీద బొమ్మ గీసేది అదే. నేను కొన్ననాటికే అది మధ్యరకం కార్డు. ఇప్పటి పనికి దాని మెమరీ, అంటే జ్ఞాపకశక్తి, ఏ మూలకీ చాలదు. అది మార్చాలి. అయితే పాత కంప్యూటర్‌కి కొత్త కార్డు పెట్టడమంటే ఏది బాగుందో అది కొనుక్కురావడం కాదు. ఆ ముక్క ఆయనకి నచ్చజెప్పడానికి నేను పడిన పాట్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఒక ఆదివారం పొద్దున కంప్యూటర్ కేబినెట్ పక్కరేకు విప్పి, దుమ్ము దులిపి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. ఇక్కడినుంచి ఇక్కడిదాకానే జాగా, పెద్ద కార్డు పెడితే హార్డ్‌డిస్కులుండే గూటికి తగులుతుంది. ఇది ఎస్‌ఎంపీఎస్, లోపల అన్నిటికీ కరెంటు పంచే డబ్బా, దీని శక్తి ఇంతే. ప్రాసెసర్ పాతది, దాని పక్కన ఎంత పెద్ద కార్డు పెట్టినా సగం సమయం ఖాళీగా కూర్చుంటుంది. అందుకని మధ్యస్తంగా ఉండేది, పొట్టిది, కరెంటు తక్కువ తాగేది, మెమరీ మాత్రం ఎక్కువున్నది చూడాలి. మనకి సీను నున్నగా పరిగెత్తకపోయినా ఫరవాలేదు, మధ్యలో ఆగకపోతే చాలు. ఇదంతా ఆయన తలూపుతూ విన్నారు. నా వైపు చూస్తూనే ఉన్నారు కానీ మనసు అక్కడ లేదు.

మరుసటి వారం బడినుంచి వచ్చేసరికి మంచం మీద ఒక కార్డు ఉంది. ఇటుక కంటే పెద్దది, మూడు ఫ్యాన్లు, అంచున రంగుల దీపాలు. ఫిలింనగర్‌లో ఎవరో ఎడిటర్ కొత్తది కొనుక్కుని పాతది అమ్ముతుంటే తెచ్చారట. పెద్ద సినిమాలకి పనిచేసిన కార్డట. నన్ను అడగలేదు. అడిగితే వద్దంటానని తెలుసు కాబట్టి అడగలేదు.

నేను గొడవ పెట్టుకోలేదు. టేపు తెచ్చి కొలిచాను. పట్టదని తేలింది. ఆయన వినలేదు. హార్డ్‌డిస్కుల గూడు స్క్రూలు తానే విప్పి పీకేసి, హార్డ్‌డిస్కుని కేబినెట్ అడుగున అట్టముక్క మీద పడుకోబెట్టారు. కార్డుకి కావలసిన కరెంటు తీగలు మా ఎస్‌ఎంపీఎస్‌కి లేవు. వాటికోసం అతుకుల తీగ ఒకటి తెచ్చారు. మొత్తానికి దీపాలు వెలిగాయి. ఆయన నా భుజం తట్టి, చూశావా అన్నారు. నేను సీను తెరిచాను. మెట్ల మీద మనుషులు కదలడం మొదలుపెట్టారో లేదో టప్పున మొత్తం ఆరిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ ఆరింది. మూడోసారి కాలిన వాసన వచ్చింది. నేను ప్లగ్గు పీకేశాను.

ఆయన వంగి కార్డు ఊడదీశారు. తర్వాత, "కార్డుదేం తప్పు లేదు. నీ డబ్బా అలాంటిది" అన్నారు.

ఆ మాట పట్టించుకోకుండా ఉండాల్సింది. కానీ పెళ్లయ్యాక ఆ కంప్యూటర్‌ని ఆయన నీ డబ్బా అనడం అదే మొదటిసారి. అంతకుముందెప్పుడూ మన సిస్టమ్ అనేవారు.

కార్డు తిరిగిచ్చేశారు. ఎంత పోయిందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. కాలిపోయింది ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే కావడం నా అదృష్టం. నేను బడికి సెలవు పెట్టి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల మార్కెట్‌కి ఒక్కదాన్నే వెళ్లాను. షాపులవాళ్లందరూ మొదట అడిగే ప్రశ్న ఒకటే, బాబు ఏ గేమ్ ఆడతాడు మేడమ్ అని. నాకు బాబు లేడు, ఆడేది నేనే అంటే నవ్వేవాళ్లు, తర్వాత సర్దుకునేవాళ్లు. చివరికి రెండు కార్డుల దగ్గర నిలబడ్డాను. ఒకటి కొత్త రకం, వేగం ఎక్కువ, మెమరీ తక్కువ. పైగా అది మదర్‌బోర్డుతో, అంటే భాగాలన్నీ గుచ్చే పలకతో, సగం దారుల్లోనే మాట్లాడుతుంది. కొత్త బోర్డులో అది లెక్కలోకి రాదు, మాలాంటి పాత బోర్డులో ఆ వేగం కాస్తా తగ్గిపోతుంది. రెండోది అంతకు ముందు తరానిది, కొంచెం నిదానం, కానీ మెమరీ రెట్టింపు. ఒకే తీగతో నడుస్తుంది. మా కేబినెట్‌లో పట్టగా ఇంకా బెత్తెడు జాగా మిగులుతుంది.

షాపతను కొత్తదాన్నే నా ముందుకు జరుపుతూ, "గది పాత మోడల్ మేడం. ఎవ్వరు తీస్కుంటలేరు ఇప్పుడు" అన్నాడు. ఎవరూ తీసుకోకపోతే ఇంకొంచెం తగ్గించమన్నాను. తగ్గించాడు. కొత్త ఎస్‌ఎంపీఎస్ కూడా అక్కడే తీసుకున్నాను. ఇంటికొచ్చి బిగించి సీను తెరిస్తే, మెట్లమీద మనుషులు పైనుంచి కింది దాకా పోట్లాడుకుంటూ దిగారు. ఎక్కడా ఆగలేదు. ఆయన చూసి, సైజు చిన్నదే అయినా పరవాలేదే అన్నారు. ఆ రోజు నేను నిజంగా సంతోషంగా ఉన్నాను. అది రాయకపోతే ఈ కథకి అన్యాయం చేసినట్టు.

ఆ ఎండాకాలం సెలవులన్నీ దానికే పెట్టాను. పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరి గది వేడెక్కేదాకా చేసేదాన్ని. ఆయన ఫైటు ఎలా మొదలవుతుందో ఎలా ముగుస్తుందో చెప్పారు. మధ్యలో ఉన్నదంతా నేను వేసుకున్నదే. నీళ్ల డ్రమ్ము మెట్ల మీదుగా దొర్లిపోవడం, పైన ఆరేసిన బట్టల తీగ తెగి విలన్ మీద పడటం, రైలు వెళ్తున్నంతసేపూ చప్పుళ్లేవీ, రైలుది కూడా, వినపడకుండా దెబ్బలు మాత్రం కనపడటం. బోరబండ స్టేషన్ దగ్గర రైలు పోతుంటే పక్కవాడు అరిచినా వినపడదు. అది నాకు తెలుసు, ఆయనకి తెలియదు. ఆయన వచ్చి చూసి, బాగుంది, ఉంచు అనేవారు.

నిర్మాత చూస్తానన్న రోజు ఆయన వీడియోగా తీసుకెళ్లారు. నిర్మాతకి నచ్చింది. కానీ కెమెరా ఇంకో వైపునుంచి పెడితే ఎలా ఉంటుందో అక్కడికక్కడే తిప్పి చూపించమన్నారట. దానికి వీడియో పనికిరాదు, సీనుండే కంప్యూటరే కావాలి, నడిపే మనిషీ కావాలి. ఆ విధంగా నేను కూడా జూబ్లీహిల్స్ వెళ్లాను. ఆటోలో కేబినెట్ ఒళ్లో పెట్టుకుని, మానిటర్ ఆయన పట్టుకుని. చెక్‌పోస్ట్ దాటాక ఎగుడుదిగుడు రోడ్డు మీద ఆటో కుదిపినప్పుడల్లా కార్డు వదులవుతుందేమోనని రెండు చేతులూ కేబినెట్ చుట్టూ వేసుకుని కూర్చున్నాను. దిగబోయే ముందు ఆయన, లోపల నువ్వు ఎక్కువ మాట్లాడకు, నేను చూసుకుంటాను అన్నారు. కంగారుపడుతున్నారనుకున్నాను.

చల్లటి పెద్ద గది. నిర్మాత, ఆయన కొడుకు, ఇంకో ఇద్దరు సోఫాల్లో ఉన్నారు. నేను కింద కూర్చుని తీగలు కలుపుతున్నాను. సీను తెరిచాను. నిర్మాత లేచి నా వెనక నిలబడి, కెమెరా కిందకి పెట్టమ్మా, ఇప్పుడు పైనుంచి చూపించమ్మా అంటూ అడిగారు. అడిగినట్టల్లా తిప్పాను. రైలు వచ్చి చప్పుడు ఆగిపోయే దగ్గర నిర్మాత తెర మీదికి ఇంకా వంగారు. మళ్లీ వెయ్యమన్నారు. వేశాను.

"ఎవరు చేశారయ్యా ఇదంతా?" అని మా ఆయన్ని అడిగారు.

"మా టీమండీ. బెంగుళూరులో ఉంటారు," అన్నారాయన. ఆ తర్వాత నావైపు చెయ్యి చూపించి, "ఈవిడ సిస్టమ్ ఆపరేటర్" అన్నారు.

నేను తెర వైపే చూస్తున్నాను. మౌస్ మీద నా చెయ్యి ఉంది. రైలు ఆలోచన ఎవరిదో వాడికి మంచి భవిష్యత్తు ఉందయ్యా అన్నారు నిర్మాత. అది నా ఆలోచనేనండీ, టీమ్ దాన్ని అమల్లో పెట్టింది అన్నారు మా ఆయన. అప్పుడే కాఫీలు వచ్చాయి. సోఫాలవాళ్లకి పింగాణీ కప్పుల్లో ఇచ్చారు. నాకు కాగితం కప్పులో ఇచ్చి, కింద, కీబోర్డుకి తగలకుండా దూరంగా పెట్టారు. నేను తాగలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆయన ఫోన్లో అందరికీ చెబుతున్నారు, ఓకే అయిపోయింది, ఓకే అయిపోయింది అని. ఫోన్ పెట్టేశాక నేను అడిగాను.

"నేను నీ పెండ్లాన్నని చెప్తే ఏమైతుండె?"

ఆయన కోపం తెచ్చుకోలేదు. ఎంతో ఓపికగా చెప్పారు. ఇంట్లో కూర్చుని భార్య చేసిందంటే వాళ్లకి చులకనైపోతుందని, పాత కంప్యూటర్ మీద చేశామంటే తనకి చిన్న సినిమా బడ్జెట్టే ఇస్తారని, ఈ ఊళ్లో అన్నిటికీ ఒక లెక్క ఉంటుందని. "సినిమా మొదలవనీ. టైటిల్స్‌లో నీ పేరు వేస్తాను," అన్నారు.

నేను నమ్మాను. నమ్మడం నాకు సులువు కాలేదు గానీ నమ్మాను.

సినిమా మొదలైంది. ఆ సీను పని నిర్మాత ఒక పెద్ద గ్రాఫిక్స్ కంపెనీకి అప్పజెప్పారు. వాళ్లకి నా ఫైళ్లన్నీ కావాలన్నారు. మా ఆయన హార్డ్‌డిస్క్ తీసుకెళ్లి మొత్తం కాపీ చేసి ఇచ్చేశారు. కొత్త మనుషులు, కొత్త మెషిన్లు వచ్చాయి. నా మెట్లకి వాళ్లు నీడలూ నాచూ అద్దారు. డ్రమ్ము అలాగే దొర్లింది. బట్టల తీగ అలాగే తెగింది.

సినిమా ఆడింది. అందరూ ఇంటర్వెల్ ఫైటు గురించే మాట్లాడారు. నేను మొదటి రోజు మధ్యాహ్నం మా అమ్మతో కలిసి చూశాను. రైలు వచ్చి చప్పుడు ఆగినప్పుడు హాలంతా నిశ్శబ్దమైపోయింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. సినిమా అయిపోయాక అందరూ లేచి వెళ్తుంటే నేను కూర్చునే ఉన్నాను. పేర్లు వస్తున్నాయి. కంపెనీ పేరు వచ్చింది, దాంట్లో పనిచేసినవాళ్ల పేర్లు వచ్చాయి, డ్రైవర్ల పేర్లు, వంటవాళ్ల పేర్లు వచ్చాయి. తెర తెల్లబడి లైట్లు వెలిగాయి. ఊడ్చేవాళ్లు వచ్చారు. మా అమ్మ, ఏమైంది బిడ్డా, దిగు అంది.

ఆయన్ని అడిగితే నొచ్చుకున్నారు. ఆఖరి నిమిషంలో టైటిల్స్ తన చేతిలో లేవన్నారు. కంపెనీ వాళ్లతో ఒప్పందంలో ఆ సీను పూర్తిగా వాళ్లదని ఉందట. ఆ వారంలోనే ఆయన ఇంటర్వ్యూ ఒకటి చూశాను. ఆ రైలు ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే, చిన్నప్పుడు మా ఊరి రైల్వే గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నప్పుడు అని మొదలుపెట్టారు. నేను ఫోన్ ఆపేశాను. వాళ్ల ఊరికి రైలే లేదు.

మేము మోతీనగర్‌లో పెద్ద ఇంటికి మారాం. నా పేరు ఆయన వెయ్యకపోయినా నా పని నాకుంది కదా అనుకుని, ఫిలింనగర్‌లో సీన్లు చేసే ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగానికి వెళ్లాను. అక్కడ మాట్లాడినావిడ నాకంటే చిన్నది, మర్యాదగా ఉంది. నా వీడియో సగందాకా చూసి ఆపింది. "ఇది ఆ సినిమాలోది కదండీ. వేరే కంపెనీ చేసిన పని మీదని చూపించకూడదు," అంది. ఇది వాళ్ల కంటే ముందు నేను చేసిందని చెప్పాను, మొదటి ఫైళ్లు తెచ్చి చూపిస్తానన్నాను. ఫైళ్లు ఎవరి దగ్గరైనా ఉండొచ్చండీ, డైరెక్టర్‌గారు ఒక్క మాట చెబితే మాకు చాలు అంది.

డైరెక్టర్ మా ఆయనేనని చెప్పాను. ఆవిడ నా వంక ఒకలా చూసింది. నమ్మలేదో, నమ్మి జాలిపడిందో తెలియలేదు. అక్కడే నిలబడి ఫోన్ చేశాను. విషయం చెప్పి, ఫోన్ ఆమెకిస్తాను, ఒక్క మాట చెప్పు చాలు అన్నాను.

"ఇప్పుడు అది బయటికి తీస్తే నా పేరేం కావాలి? సాయంత్రం మాట్లాడుకుందాం," అన్నారు.

ఫోన్ స్పీకర్లో లేదు. అయినా ఆవిడ కళ్లు దించుకుని టేబుల్ మీద కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. నేను థ్యాంక్సండీ అని చెప్పి మెట్లు దిగి వచ్చేశాను. బయట బస్టాపులో కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద ఆయన సినిమా పోస్టర్ ఉంది. కింద ఆయన పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. నేను రెండు బస్సులు వదిలేశాను.

ఆ సాయంత్రం ఆయన మాట్లాడలేదు. నేనూ మొదలుపెట్టలేదు. కొన్ని వారాల తర్వాత, రెండో కథ సిద్ధమైందని, అందులో క్లైమాక్స్ వానలో ఉంటుందని, నువ్వు చేసినట్టు ఎవరూ చెయ్యలేరని చెప్పి, ఈసారి ఒప్పందం రాసుకుందాం అన్నారు. నేను చెయ్యనని చెప్పాను. ఎందుకని అడగలేదు. మనసు కష్టపెట్టుకుని మా అమ్మకి ఫోన్ చేశారు. మా అమ్మ బోరబండ నుంచి వచ్చి, నా పక్కన కూర్చుని, "మొగని పేరు పెద్దగైతే నీది గాదా బిడ్డా?" అంది. కాదు అన్నాను. అమ్మ అన్నం తిని వెళ్లిపోయింది.

ఆయన మీద నాకు కోపం పోలేదు. పోతుందని కూడా అనుకోవడం లేదు. అలాగని విడిపోనూ లేదు. ఎందుకు విడిపోలేదని బడిలో ఒక టీచరు అడిగింది. చెప్పడానికి నా దగ్గర గొప్ప కారణమేమీ లేదు. ఆయనకి జ్వరమొస్తే చూస్తాను, నాకొస్తే ఆయన చూస్తారు. కలిసి తింటాం. నవ్వుకునే సందర్భాలూ ఉన్నాయి. సినిమా గురించి మాత్రం మా మధ్య మాట లేదు.

ఈ మధ్య కొత్త సీను ఒకటి మొదలుపెట్టాను. ఫైటు కాదు. నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడు బిందెలతో పరిగెత్తే ఆడవాళ్ల సీను. ఎవరి కథలోదీ కాదు, ఎవరూ అడగలేదు. ఆదివారాలు పొద్దున పూట చేస్తున్నాను. అది పూర్తయ్యాక మళ్లీ ఫిలింనగర్ వెళ్తాను. మొన్న ఆయన గదిలోకి వచ్చి ఏం చేస్తున్నావని అడిగారు. బడి పని అని చెప్పి తెర మూసేశాను. ఆయన కాసేపు తలుపు దగ్గరే నిలబడి, తర్వాత వెళ్లిపోయారు.